పేపరులో చనిపోయిన మా రాణి

ఇప్పుడు మీ ఇళ్ళలో టీవీలు ఉన్నాయి. సినిమా నటుడికి జ్వరం వస్తే ఆస్పత్రి గేటు ముందర కెమెరా పెట్టి, లోపలికి పోయే ఇడ్లీ క్యారియరును కూడా చూపిస్తున్నారు. మొన్న మా మనవరాలు అది చూసి అన్నం మానేసి కూర్చుంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను నవ్వలేదు. ఒక నటుడి కోసం ఊరు ఊరంతా పొయ్యి వెలిగించకుండా కూర్చున్న రోజు నేను చూశాను. అదీ బతికున్న మనిషి కోసం. ఆ సంగతి మీలాంటి కుర్రవాళ్ళకు చెప్పకుండా పోతే, తీరా నేను పోయాక ఏ పేపరువాడో తప్పుగా రాస్తాడు.

నేను నాటకాల కంపెనీలో హాస్యగాణ్ణి. చిన్నప్పుడు బడిలో పంతులుగారి వెనకాలే నడుస్తూ ఆయన నడక నడిచి చూపించాను. తరగతి అంతా నవ్వింది. ఆయన వెనక్కి తిరిగారు. దాంతో చదువు ముగిసింది, ఉద్యోగం మొదలైంది.

చిన్న కంపెనీలో హాస్యగాడికి వేదిక మీద పని తక్కువ, కింద పని ఎక్కువ. ఏ ఊళ్ళో ఆట పెట్టుకుంటే ఆ ఊరికి అందరికంటే ముందు నేను పోవాలి. తాలూకా అధికారి అమల్దారు కచేరీలో లైసెన్సు తీసుకోవాలి. డేరాకు జాగా చూడాలి. ఎద్దుబండి మీద తప్పెట కొట్టుకుంటూ కాగితాలు పంచాలి. జనం కాగితం కోసం కాక నా వెకిలి వేషాల కోసం బండి చుట్టూ చేరేవాళ్ళు. అందుకే ఆ పని నాకిచ్చారు.

మా కంపెనీకి ప్రాణం ఒక్క మనిషి. యాభైకి దగ్గరపడ్డ మగవాడు, వేదిక మీద రాణి. ఆడవేషాలు మగవాళ్ళే వేసే రోజులవి. ఆయన చీర కట్టుకొని తెర ముందుకు వచ్చాడంటే ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు తమ కొంగులు సర్దుకొనేవాళ్ళు. ఆయన పాటలు గ్రామఫోను ప్లేట్లుగా కూడా వచ్చాయి. ఎదురుగా ఉంటే మేము అన్నా అనేవాళ్ళం, పక్కకు పోతే రాణి అనేవాళ్ళం.

యుద్ధం నడుస్తోంది. పెట్రోలు లేక బస్సులు వీపున బొగ్గు పొయ్యి కట్టుకొని తిరుగుతున్నాయి. కన్నడ సీమ అంచు ఊరు బాగేపల్లిలో ఆట ముగిసిన మరునాడు రాణికి చలిజ్వరం పట్టుకుంది. కంపెనీ అక్కడే ఒక ఇల్లు తీసుకొని ఆగిపోయింది. యజమాని నన్ను మాత్రం, 'ఆయప్ప లేచేలోగా నువ్వు చింతామణి ఊరికి పోయి అన్నీ సిద్ధం చేసి పెట్టు' అని పంపాడు.

చింతామణి బస్టాండు దగ్గర ఒక కాఫీ హోటలు ఉండేది. బెంగళూరు బస్సులో వచ్చే పేపరు అక్కడ దిగేది. కన్నడం చదవగలిగినవాడు ఒకడు బల్ల మీద కూర్చొని గట్టిగా చదివేవాడు, పక్కవాడు తెలుగులో చెప్పేవాడు. మామూలుగా యుద్ధం వార్తలు. ఏ దేశం ఎవరిని కొట్టిందో విని, కాఫీ తాగి, కూరగాయల మార్కెట్టుకు పోయేవాళ్ళు. ఒకరోజు యుద్ధం కింద నాలుగు వరసల్లో మా రాణికి జ్వరమని పడింది. ఆ రోజు ఎవరూ లేచిపోలేదు. 'ఇంగోసారి చదువప్పా' అన్నారు.

అంతే. మరునాటి నుంచి యుద్ధం వెనక్కి పోయింది. రాణి గంజి తాగిందా, చలి ఏ వేళకు వచ్చింది, డాక్టరు ఏమన్నాడు. నిజం చెప్పాలంటే పేపరులో అంత ఉండేది కాదు. తెలుగులో చెప్పేవాడు తన తరఫున కొంచెం కలిపేవాడు. వినేవాళ్ళు ఇంకొంచెం కలిపి ఇళ్ళకు మోసుకుపోయేవాళ్ళు. సాయంత్రానికి ప్రతి ఇంట్లోనూ రాణికి ఒక వైద్యం తయారు. నేలవేము ఒకరు, మిరియాలు ఒకరు. ఒకావిడ అయితే దిష్టి తీసి ఎర్రనీళ్ళు బాగేపల్లి తట్టుకు తిరిగి పారబోసింది. అవి పడింది నా పంచె మీద.

అందరికంటే ఎక్కువ కలవరపడింది చింతపండు మండీ సావుకారి. భారీ మనిషి, దానికి తగ్గ మీసం. మా ఆట గుడిబండెలో ఉంటే గుడిబండెకు, నాగరగెరెలో ఉంటే నాగరగెరెకు బండి కట్టించుకొని వచ్చేవాడు. ఒక ఉదయం ఆయన హోటల్లోకి వచ్చేసరికి గ్రామఫోనులో రాణి పాట తిరుగుతోంది. సావుకారి గబగబా పోయి సూది ఎత్తేశాడు.

"ఆయప్పకు ఆడ గొంతు లేస్తాండ్లేదు. నువ్వు ఈడ పొద్దస్తమానం పాడిస్తాండావు. రవ్వంత ఇడిసిపెట్టప్పా, పాపం."

నేను నవ్వబోయాను. చుట్టూ చూశాను. ఒక్కరూ నవ్వడం లేదు. హోటలాయన తల దించుకొని ప్లేటు తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, దేవుడి పటం వెనక పెట్టాడు. ఆ రోజు నుంచి చింతామణిలో ఏ ఇంట్లోనూ రాణి పాట వినిపించలేదు. గొంతుకు విశ్రాంతి. సావుకారి అంతటితో ఆగక కండక్టరు చేతికి తేనె సీసా ఇచ్చి బాగేపల్లికి పంపాడు. అది రాణికి చేరలేదు గానీ, కండక్టరు ఇంట్లో దగ్గు అన్నవాళ్ళు లేకుండా పోయారు.

ఇప్పుడు బాగేపల్లిలో జరిగింది చెప్పాలి. నాకిది తరువాత తెలిసింది. ఒకరోజు బొగ్గు బస్సు సరిగ్గా మావాళ్ళు దిగిన ఇంటి ముందే మొరాయించింది. లోపల రాణి తల నుంచి కాళ్ళ దాకా తెల్ల పంచె కప్పుకొని ఆవిరి పట్టుకుంటూ, అలిసిపోయి అట్లాగే వాలి పడుకున్నాడు. దోమలకని తలవైపు సాంబ్రాణి వేశారు. బయట అరుగు మీద మావాళ్ళు వరసగా, తలలు వేలాడేసుకొని కూర్చున్నారు. ఆట లేదు, జీతం లేదు, తలలు ఇంకెట్లా ఉంటాయి? అది రాణి దిగిన ఇల్లని తెలిసిన ప్రయాణికులు బస్సు దిగి వాకిట్లోంచి తొంగి చూశారు. అటువంటి ఇంటి ముందు నిలబడి 'ఎవరు పోయినారు' అని అడిగే అలవాటు మనకు లేదు. చెప్పులు విడిచి, దండం పెట్టి, మళ్ళీ బస్సెక్కారు. చిక్కబళ్ళాపురం బస్టాండులో పేపరుకు వార్తలు రాసే పెద్దమనిషి కాఫీ తాగుతున్నాడు. బస్సు దిగినవాళ్ళంతా ఒకే మాట చెప్పారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు, బస్సెడు సాక్షులు.

మరునాటి పేపరులో నల్లగీతల నడుమ మా రాణి.

చదివేవాడు ఆ వార్త ఒక్కటే చదివి పేపరు మడిచేశాడు. తెలుగులో చెప్పేవాడు ఆ రోజు తన తరఫున ఏమీ కలపలేదు. నేను లేచి ఇది అబద్ధమని చెబుదామనుకున్నాను. కానీ అచ్చులో ఉంది. బాగేపల్లి బస్సు ఏ రోజు నడుస్తుందో ఏ రోజు మొరాయిస్తుందో, వెంటనే పోయి చూసి వచ్చే దారి లేదు. పేపరుతో పోట్లాడేంత చదువు నాకెక్కడిది? కూర్చుని ఏడ్చాను. అందరినీ నవ్వించేవాడు ఏడ్చేసరికి, అంతవరకూ నమ్మనివాళ్ళు కూడా నమ్మారు.

అంగళ్ళు మూశారు, పొయ్యిలు వెలిగించలేదు. కూరగాయల బుట్టలు అట్లాగే బండ్లెక్కి పల్లెలకు తిరిగిపోయాయి. జనం బావుల దగ్గరకు పోయి, సొంత మనిషి పోయినట్టు తలకు నీళ్ళు పోసుకున్నారు. నేనూ పోసుకున్నాను. సావుకారి మంగలిని పిలిపించి తల, మీసం రెండూ తీయించుకున్నాడు.

"ఆయప్పకు కొడుకులు లేరంట," అన్నాడు నాతో, పైపెదవి తడుముకుంటూ. "ఇంతమంది సూసినాము. ఒకడన్నా గొరిగించుకోవద్దా?"

ఆ మాటకు నేను మళ్ళీ ఏడ్చాను.

రెండు రోజులకు కంపెనీ బండ్లు వచ్చి ఊరి బయట చింతతోపులో ఆగాయని కబురు వస్తే పరుగెత్తాను. మావాళ్ళను పట్టుకొని ఏడుద్దామని మొదటి బండి ఎక్కి చాప ఎత్తాను. లోపల రాణి వక్కాకు నములుతూ కూర్చుని ఉన్నాడు. నేను బండి నుంచి ఎటు దిగానో నాకు తెలియదు. నొగల మధ్య ఇరుక్కున్నప్పుడు మాత్రం తెలిసింది.

"ఏమిరా, రంగు లేకుండా నా మొగం ఎప్పుడూ సూడలేదా?" అన్నాడు.

"అన్నా, నీ కోసం తలకు నీళ్ళు పోసుకున్యాను."

"మంచిపని చేసినావు. ఎన్నాళ్ళయిందో పోసుకొని."

గొంతు బొంగురుగా ఉంది. మనిషి సగమయ్యాడు. అయినా ఆయనే. నేను ఆ కాళ్ళు పట్టుకొని నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియని స్థితిలో ఉంటే యజమాని వచ్చి నన్ను పక్కకు లాగాడు. ఆయనకు ఊరి సంగతి ముందే తెలిసింది. దారిలో ఎదురైన ప్రతివాడూ, రాణి జ్ఞాపకానికి ఒక ఆట పెట్టండి, ఇంటిల్లిపాదీ వస్తాము అన్నారట.

"సూడప్పా," అన్నాడు రాణితో, మెల్లగా, "ఒక వారం నువ్వు యెవురికీ కనపడద్దు. చెలికత్తె ఏసాలేసే మన చిన్నోడు నీ ఏసం ఏస్తాడు. ఊరంతా వస్తాది. బతికినప్పుడు నీకు ఇంత గిరాకీ యాడుండె?"

"సచ్చినందుకు జీతం ఇస్తావా?"

"అది తరవాత మాట్లాడుకుందాము."

యజమాని పోయాక రాణి వక్కాకు ఉమ్మేశాడు. "చిన్నోడు ఒకసారి నా కిరీటం పెట్టుకుంటే మళ్ళీ తీసేది కల్ల," అన్నాడు. "ఈ ఊరికి నేను సచ్చినానంటే కోలారుకూ సచ్చినట్టే. పేపరు అన్నితట్లకూ పోతాది గదరా. నాకు ఇంగేం పని వస్తాది? చీర కట్టేది తప్ప పంచె కూడా సరిగ్గా కట్టను."

అందుకే మరునాడు ఉదయం యజమానికి చెప్పకుండా రాణిని వెంటబెట్టుకొని హోటలుకు పోయాను. చూస్తే చాలు, ఊరు ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఎగిరింది, కానీ వెనక్కి. కాఫీ లోటాలు దొర్లాయి. కొంచెం ధైర్యం వచ్చాక ఒకడు దగ్గరకు వచ్చి రాణి కాళ్ళు నేలకు ఆనాయా లేదా అని వంగి చూశాడు.

"పేపర్లో పడింది గదప్పా," అన్నాడు చదివేవాడు, నొచ్చుకున్నట్టు.

"పేపరు తప్పు. మనిషి ఈడుండాడు," అన్నాను.

"ఈయప్ప ఆయప్పేనని ఏం సాక్షి?"

అంతలో సావుకారి వచ్చాడు. అందరి కళ్ళూ రాణి మీద నుంచి ఆయన నున్నటి తల మీదికి పోయాయి. అక్కడి నుంచి పైపెదవి మీదికి దిగాయి. మూల నుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. సావుకారి ముఖం చూశాను. రాణి బతికుంటే ఈ ఊళ్ళో తాను జీవితాంతం నవ్వులపాలని ఆయనకు ఆ క్షణంలోనే తెలిసింది.

"ఈయప్ప కాదు," అన్నాడు. "ఆటలు ఆగిపోతాయని యెవురినో తెచ్చి నిలబెట్టినారు. రాణి అయితే పాడమను."

రాణి పాడాడు. జ్వరం తిన్న గొంతు. రెండో అక్షరం దగ్గరే పగిలి, గాలి మాత్రం వచ్చింది. సావుకారి చేతులు చాపాడు.

"ఇదా నా రాణి గొంతు?"

జనం తలలాడించారు. వాళ్ళ ముఖాల్లో నాకు కనిపించింది కోపం కాదు, ఊరట. ఏడ్చిన ఏడుపు వృథాగా పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అంత బాగా ఏడ్చి, అంగళ్ళు మూసి, చన్నీళ్ళు పోసుకున్నాక, 'ఏమీ కాలేదు పొండి' అంటే మనసు ఒప్పుకోదు. ఈనాటికీ అంతే. టీవీవాడు పోయాడన్న నటుడు బతికున్నాడని తేలితే సంతోషం ఒక పాలు, చిన్నబోవడం ఒక పాలు. చూసుకోండి.

రాణి కళ్ళు దించుకొని బయటికి నడిచాడు. అప్పుడు హోటలాయన తల్లి, లోపల పిండి రుబ్బే అవ్వ, చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"ఆయప్పే. నాకు తెలుసు," అంది. "అయినా మనము నీళ్ళు పోసుకున్యాము గదా. నీళ్ళు పోసుకున్యాక మనిషి తిరిగొస్తే ఉత్తగా ఊర్లోకి రాకూడదు. మొన్న గుడిబండె తట్టు, యుద్ధంలో సచ్చినాడనుకున్న సిపాయి ఒకడు తిరిగొస్తే ఏం చేసినారు? ఉయ్యాల తొట్లో ఏసి, పేరు పెట్టి, మళ్ళీ పుట్టినట్టు చేసి ఇంట్లోకి పిలుచుకున్యారు. ఈయప్పకూ అట్లే చెయ్యల్ల."

అందరికీ తెలిసిన ఆచారమే. ఎవరికీ తట్టలేదు, అంతే. జనంలో కొంచెం కదలిక వచ్చింది. "పేరు పెట్టేదానికి తండ్రి ఉండల్ల గదవ్వా," అన్నాడొకడు. అవ్వ అప్పటికే వాకిలి దాటింది. రాణిని చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకుపోయి, మిరియాల కషాయం చేతికిచ్చి, రేపటి దాకా నోరు తెరవద్దని కూర్చోబెట్టింది.

ఆ తండ్రి మాట నా తలలో పడింది. తిన్నగా మండీకి నడిచాను.

సావుకారి చింతపండు బస్తాల వెనక, తువాలు మూతికి అడ్డం పెట్టుకొని కూర్చుని ఉన్నాడు.

"పో. నన్ను సూసి నవ్వేదానికి వస్తివా బఫూనా."

"సావుకారప్పా, మీ ఇంట్లో పెద్దబిడ్డ కడుపులో ఉన్నప్పుడు గొరిగించుకున్యారా?"

"యెవురన్నా గొరిగించుకుంటారా? కాన్పు అయ్యేదాకా కత్తి ముట్టుకోము."

"కాన్పు అయినాక?"

"అప్పుడు గొరిగించుకుంటాము. దానికేమి?"

"మీరు కొడుకు మాదిరి గొరిగించుకున్యారని ఊరు అనుకుంటాండాది. రేపు బిడ్డ పుడతాండాది. తండ్రి మాదిరి గొరిగించుకున్యారని అనుకుంటే పోతాది గదా. తల అదే, మీసం అదే."

తువాలు కొంచెం కిందికి దిగింది.

"నాకంటే ఆయప్ప పదేండ్లు పెద్దోడు."

"రాణి వయసు అడిగే మొనగాడు యాడుండాడప్పా?"

ఆయన నవ్వలేదు. బస్తా మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. "నేను కాదన్యాను గదా, అందరి ముందర," అన్నాడు చివరికి, చిన్నగా. "గొంతు ఇనగానే తెలిసింది, ఆయప్పేనని. జ్వరంలో పాడినా ఆ ఎత్తుకునేది ఆయప్పదే. తెలిసీ కాదన్యాను."

"బిడ్డను సూసి నాది కాదనే తండ్రులు లోకంలో శానామంది. పేరు పెట్టేనాటికి దారికొస్తారు."

అప్పుడు నవ్వాడు. తువాలు తీసేసి, కడుపు పట్టుకొని నవ్వాడు. తరువాత పెద్ద సందేహం. "అంతలావు మనిషికి తొట్లు యాడ తెస్తావు?"

నేను తల ఎత్తి చూశాను. మండీ దూలానికి పెద్ద త్రాసు వేలాడుతోంది, చింతపండు బస్తాలు తూచేది. చెక్క పళ్ళేలు, ఇనుప గొలుసులు. సావుకారి కూడా తల ఎత్తాడు. 

మరునాడు మధ్యాహ్నానికి మండీలో ఇసుక వేస్తే రాలదు. ఒక పళ్ళెంలో చింతపండు బస్తాలు. రెండో పళ్ళెంలో బొంతలు పరిచి, పూలు చుట్టి, కాళ్ళు ముడుచుకొని మా రాణి. మావాళ్ళు, పట్టు నేసేవాళ్ళు, కూరగాయలమ్మేవాళ్ళు, అమల్దారు కచేరీ గుమాస్తాలు, అందరూ ఉన్నారు. యజమాని నా చెవిలో "దీనికి టిక్కెట్టు పెట్టచ్చునా?" అన్నాడు.  అవ్వ మొదలుపెడితే ఆడవాళ్ళు జోల పాడుతూ త్రాసును ఊపారు. బస్తాలు దిగితే రాణి లేస్తాడు, రాణి దిగితే బస్తాలు లేస్తాయి. చూసేవాళ్ళు మొదట ముసిముసిగా నవ్వారు. పోను పోను నవ్వులు తగ్గాయి. ఎందుకంటే రాణి కళ్ళు మూసుకున్నాడు, రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ మనిషిని అట్లా ఎవరన్నా ఊపి ఎన్నాళ్ళయిందో.

సావుకారి కొత్త పంచె కట్టుకొని వచ్చాడు. ఎవరో వెనక నుంచి "తండ్రి వచ్చినాడు, దోవ ఇడవండి" అన్నారు. ఎకసెక్కం కాదు. దారి ఇచ్చారు. ఆయన వంగి, రాణి చెవిలో పేరు మూడుసార్లు చెప్పాడు. పాత పేరే.

"పుట్టిన బిడ్డ ఏడవల్ల," అంది అవ్వ.

 గొంతు లేవకపోతే అంతా పోతుంది. నేను గిల్లడానికి సిద్ధంగా తొడ దగ్గర నిలబడ్డాను. రాణి నా చెయ్యి పక్కకు తోసేశాడు. నోరు తెరిచాడు. మొదట బొంగురుగా, తడబడుతూ వచ్చింది. తరువాత ఎక్కడో ఒక ముడి విడిపోయినట్టు అయింది. నాటకంలో రాణి అడవిలో బిడ్డను వెతుక్కుంటూ ఎత్తుకునే రాగం దూలం దాకా లేచి, బయట వీధిలో బండ్ల మీదివాళ్ళను కూడా నిలబెట్టేసింది. పళ్ళెంలో ముడుచుకొని కూర్చున్న యాభైయేళ్ళ మగవాడు ఎవరికీ కనిపించలేదు. రాణి కనిపించింది.

సావుకారి జనం వైపు తిరిగాడు. "ఇదీ గొంతు," అన్నాడు. "నిన్న నేను కాదన్నది అబద్ధము. ఈయప్ప మా రాణి. యెవురికన్నా అనుమానం ఉంటే ఈ పొద్దు ఆటకు రాకండి."

ఒక్కరూ రాకుండా లేరు. డేరా పక్కలు ఎత్తి కట్టినా సరిపోలేదు. రాణి మొదటి అడుగు వేయగానే జనం లేచి నిలబడ్డారు. కూర్చోండి, కూర్చోండి అని నేను బతిమాలితే గానీ నాటకం కదలలేదు. చిన్నోడు కిరీటం తానే తెచ్చి ఆయన తలకు పెట్టాడు. అంతటి ఆట మా కంపెనీ అంతకుముందు ఆడలేదు.

ఒక్క చిక్కు మేమెవరమూ ఆలోచించలేదు. ఆ నాటకం చివర రాణికి విషం ఇస్తారు. రాణి తాగి చనిపోతుంది. దుర్మార్గుడు గిన్నె పట్టుకొని ముందుకు వచ్చాడో లేదో, ముందు వరసలోంచి సావుకారి లేచాడు.

"ఆగప్పా. మొన్ననే ఒకసారి నీళ్ళు పోసుకున్యాము. ఇంగోసారి పోసుకునేది లేదు."

"సంపద్దు" అని డేరా అంతా ఒక్క గొంతుగా అంది. ఆడవాళ్ళు లేచి వేదిక దగ్గరకు వస్తున్నారు. దుర్మార్గుడు గిన్నెతో సహా వణుకుతున్నాడు. యజమాని తెర పక్కనుంచి ఏదన్నా చెయ్యమని నాకు సైగ చేస్తున్నాడు. నేను సగం రంగు తుడుచుకొని ఉన్నాను. అట్లాగే వేదిక మీదికి పోయి, "పొద్దున్నుంచి గొంతు ఎండిపోయుండాది" అంటూ దుర్మార్గుడి చేతిలోంచి గిన్నె లాక్కొని గటగటా తాగేశాను. నాకు తెలిసిన తీర్లన్నిటిలో చచ్చాను. నిలబడి, కూర్చుని, బోర్లా, వెల్లకిలా. జనం పొట్టలు పట్టుకొని నవ్వారు. నా శవం పక్కన నిలబడి, నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక, మా రాణి మంగళం పాడింది.

ఆ తరువాత ఎన్నో ఊళ్ళలో, ఎన్నో ఏళ్ళు, ఆ రాణి ఆ గిన్నె తాగి చనిపోయింది. జనం కళ్ళు తుడుచుకున్నారు. చింతామణికి పోయినప్పుడు మాత్రం గిన్నె నా చేతికే ఇచ్చేవాళ్ళు.